బొమ్మ వేయడం సాధన ఎప్పుడవుతుంది?

బొమ్మలు వేయడం గురించి మాట్లాడేటప్పుడు తరచుగా నాలుగు మాటలు వినిపిస్తాయి. అది ధ్యానం లాంటిదని ఒకరంటారు. మనసులో ఉన్నది బయటపెట్టుకునే మార్గమని ఇంకొకరంటారు. దైవానికి దగ్గర చేస్తుందని కొందరు, టెన్షన్ తగ్గిస్తుందని మరికొందరు చెబుతారు. నాలుగూ వినడానికి బాగుంటాయి కాబట్టి వాటిని ఎవరూ విడదీసి చూడరు. వర్క్‌షాప్ ప్రకటనల్లోనైతే నాలుగూ కలిపి ఒకే వాక్యంలో పెట్టేస్తారు.

విడదీసి చూస్తే మాత్రం చిక్కు మొదలవుతుంది. వీటిలో మొదటి రెండు ఒకదానికొకటి ఎదురు. ధ్యాన సంప్రదాయాల్లో బొమ్మ వేసే మనిషి 'నేను' అనేదాన్ని పక్కన పెట్టి కూర్చోవాలి. మనసులో ఉన్నది బయటపెట్టాలంటే ఆ 'నేను'నే కాగితం మీదికి తేవాలి. ఒకరు తనను చెరిపేసుకోవాలి, ఇంకొకరు తనను వెతుక్కోవాలి. ఇద్దరి చేతిలోనూ అదే కుంచె. ఇద్దరూ చేస్తున్నది ఆధ్యాత్మిక సాధనే అంటున్నారు. ఇద్దరి మాటా ఎలా నిజమవుతుంది?

నా ఉద్దేశంలో ఈ రెండు దారులూ కలిసే చోటు ఒకటుంది. అది అందం కాదు, ప్రతిభ కాదు, భావోద్వేగం అంతకన్నా కాదు. ఎదురుగా ఉన్నదాన్ని, అది ఎలా ఉందో అలా, ఎక్కువసేపు చూడగలగడం. వినడానికి చాలా చిన్న విషయంగా ఉంది కదా. ఎందుకు చిన్నది కాదో తెలియాలంటే ముందు రెండు దారులనూ విడివిడిగా నడిచి రావాలి.

తనను పక్కన పెట్టే దారి

టిబెటన్ బౌద్ధంలో తంకా చిత్రాలున్నాయి. గుడ్డ మీద జిగురు, తెల్లమట్టి పూసి, రాయితో నున్నగా రుద్ది, దాని మీద ముందుగా గీతల చట్రం గీస్తారు. బుద్ధుడి ముఖం ఎంత పొడవుండాలి, భుజాలు ఎక్కడ మొదలవ్వాలి, మోకాళ్లు ఎంత దూరం పరుచుకోవాలి అన్నీ ఆ చట్రంలో ముందే నిర్ణయమై ఉంటాయి. చిత్రకారుడికి సొంత ఊహకు చోటంటూ ఉంటే అది ఎక్కువగా వెనక ఉన్న కొండల్లో, మబ్బుల్లో, పూలలో. కళ్లు అన్నిటికన్నా చివర వేస్తారు. చిత్రం వెనక వైపు, నుదురు, గొంతు, గుండె ఉన్న చోట్ల 'ఓం ఆః హూం' అనే బీజాక్షరాలు రాస్తారు. ముందు వైపు చూసేవాళ్లకు అవి కనిపించవు. చాలా పాత తంకాల మీద వేసినవారి సంతకం ఉండదు.

తూర్పు క్రైస్తవంలో పూజించే పవిత్ర మూర్తుల బొమ్మలు, అంటే ఐకాన్ చిత్రాలదీ ఇదే తీరు. గుడ్డుసొనలో కలిపిన రంగులతో, చెక్క పలక మీద, ముదురు రంగు నుంచి లేత రంగు వైపు పొరలు పొరలుగా వెళ్తారు. అంటే ముఖం చీకట్లోంచి వెలుగులోకి మెల్లగా వస్తుంది. ఉపవాసం, ప్రార్థన ఈ పనిలో భాగాలే. 1551లో మాస్కోలో జరిగిన చర్చి మహాసభ ఈ చిత్రకారుల గురించి నియమాలు పెట్టింది. వాటిలో రంగుల గురించి కన్నా మనిషి నడత గురించే ఎక్కువ ఉంది. చిత్రకారుడు వినయంగా ఉండాలి, సౌమ్యుడై ఉండాలి, భక్తి కలవాడై ఉండాలి, సొంత కల్పనలు చేయకుండా ఆంద్రేయ్ రుబ్లేవ్ లాంటి పూర్వులు వేసిన పద్ధతిలో వేయాలి. ఈ రోజు ఏ ఆర్ట్ కాలేజీ అడ్మిషన్ ఫారంలోనూ కనిపించని అర్హతలు ఇవి.

ఇప్పటి పాఠకుడికి ఇక్కడ ఒక ఇబ్బంది ఎదురవుతుంది. అన్నీ ముందే నిర్ణయమైపోతే చిత్రకారుడికి మిగిలిందేమిటి? నకలు తీయడమే కదా? కానీ ఏం వేయాలి, ఎంత వేయాలి, ఏ రంగు వేయాలి అన్న నిర్ణయాలన్నీ తీసేశాక మిగిలేది మనసు ఎక్కడుందన్న ఒక్క విషయమే. తొందర పడితే గీతలో తెలిసిపోతుంది. గొప్ప చూపించుకోవాలనుకుంటే కొలత తప్పుతుంది. నియమాలు చిత్రకారుడిని బంధిస్తున్నట్టే కనిపిస్తాయి కానీ నిజానికి అతను దాక్కోవడానికి చోటు లేకుండా చేస్తాయి.

ఈ సంగతి కాళిదాసుకు బాగా తెలుసు. ఆయన నాటకం 'మాళవికాగ్నిమిత్రం'లో రాజు అగ్నిమిత్రుడు మాళవికను మొదట బొమ్మలోనే చూస్తాడు. ఇంత అందం నిజంగా ఉంటుందా, బొమ్మ వేసినవాడు కాస్త ఎక్కువ చేశాడేమో అని అప్పట్లో అతనికి అనుమానం. తర్వాత ఆమె రంగస్థలం మీదికి వచ్చాక, బొమ్మే తక్కువైందని తెలుస్తుంది. అప్పుడు రాజు చిత్రకారుడి చేయి బాగాలేదనడు, రంగులు బాగాలేవనడు. వేసినవాడి సమాధి, అంటే ఏకాగ్రత, సడలింది అంటాడు. 'శిథిలసమాధి' అన్నది అక్కడి మాట. బొమ్మలో లోపం కనబడితే దాని మూలం వేలికొసల్లో కాదు, ఏకాగ్రతలో వెతకాలన్నమాట. ప్రేమలో పడిన రాజు నోట, నాటకం మధ్యలో, ఇంత పెద్ద కళాసిద్ధాంతాన్ని ఇంత తేలిగ్గా పలికించడం కాళిదాసుకే చెల్లింది.

శిల్పశాస్త్ర గ్రంథాలు ఇదే మాటను నియమంగా చెప్పాయి. దేవతామూర్తిని చేసేవాడు ముందు ధ్యానశ్లోకం ప్రకారం ఆ రూపాన్ని మనసులో నిలుపుకోవాలి. అది స్థిరపడ్డాకే చేయి కదలాలి. ధ్యానంతో దొరికినంత స్పష్టత ఎదురుగా కళ్లతో చూసినా దొరకదని శుక్రనీతి అంటుంది. అంటే ఇక్కడ బొమ్మ ధ్యానానికి ఫలితం. ధ్యానానికి సాధనం కూడా, ఎందుకంటే పూర్తయిన ఆ రూపాన్నే చూస్తూ ఇంకొకరు ధ్యానం చేస్తారు.

జపాన్‌లోని జెన్ బౌద్ధ చిత్రకారుల పద్ధతి పైకి దీనికి పూర్తిగా వ్యతిరేకం. చట్రం లేదు, పొరలు లేవు, దిద్దుబాటు లేదు. కుంచెను సిరాలో ముంచి ఒక్క ఊపులో ఒక వృత్తం గీసేస్తారు. సరిగ్గా గుండ్రంగా రాకపోయినా దిద్దరు. హకుయిన్ (1686–1769) లాంటి గురువుల బొమ్మలు కొన్ని చూస్తే నవ్వొస్తుంది కూడా. అయినా ఉద్దేశం తంకా వేసేవాడిదే. గీత గీసిన క్షణంలో మనసు ఎలా ఉందో దాన్ని కాగితం పట్టేస్తుంది. తంకా దాక్కునే చోటును నియమాలతో మూసేస్తే జెన్ దాన్ని వేగంతో మూసేసింది.

తనను వెతుక్కునే దారి

రెండో దారి చాలా కొత్తది. పందొమ్మిదో శతాబ్దం చివరికి యూరప్‌లో చిత్రకారుడి స్థానం మారిపోయింది. ఉన్నది ఉన్నట్టు చూపించే పని ఫొటో తీసుకుంది. చర్చి పెద్ద పోషకుడిగా మిగల్లేదు. అదే సమయంలో 1895లో ఎక్స్‌రేలు బయటపడ్డాయి. కంటికి కనిపించనిది కూడా ఉంటుందని సైన్సే చెబుతున్నట్టనిపించింది. 1875లో న్యూయార్క్‌లో మొదలైన దివ్యజ్ఞాన సమాజం కూడా, తనదైన పద్ధతిలో, కనిపించని లోకాల గురించే మాట్లాడుతోంది. చిత్రకారుడు పీట్ మోండ్రియాన్ 1909లో అందులో సభ్యుడిగా చేరారు. ఇంకో చిత్రకారుడు వాసిలీ కాండిన్‌స్కీ 1911లో కళలోని ఆధ్యాత్మికత గురించి ఒక చిన్న పుస్తకమే వేశారు. రంగు, రూపం బయటి వస్తువుకు కాదు, కళాకారుడి 'లోపలి అవసరానికి' జవాబు చెప్పాలన్నది దాని సారం. ఇక్కడే మలుపు. అంతవరకు రూపం ధ్యానశ్లోకం నుంచో శాస్త్రం నుంచో వచ్చేది. ఇప్పుడు అది వేసేవాడి లోపలి నుంచి రావాలి.

ఈ మలుపులో నాకు అందరికన్నా ఆసక్తికరంగా అనిపించే మనిషి స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ (1862–1944). స్టాక్‌హోమ్ రాయల్ అకాడమీలో చదువుకుని, చెట్ల బొమ్మలు, మనుషుల బొమ్మలు వేస్తూ బతికేవారు. నలుగురు స్నేహితురాళ్లతో కలిసి ప్రార్థన, ధ్యానం చేస్తూ ఆత్మలతో మాట్లాడే ప్రయత్నాలు కూడా చేసేవారు. 1906లో ఒక 'ఆలయం' కోసమని చిత్రాల వరుస మొదలుపెట్టి, మధ్యలో కొన్నేళ్లు ఆపి, 1915కి 193 చిత్రాలు పూర్తిచేశారు. వాటిలో కొన్ని మూడు మీటర్లకు మించి ఎత్తు. మొదట్లో ఆ బొమ్మలు తన ద్వారా నేరుగా వచ్చాయని, ముందుగా స్కెచ్‌లేవీ గీసుకోలేదని ఆమె రాసుకున్నారు. తర్వాతి చిత్రాల్లో తన పాత్ర పెరిగింది.

అసలు కథ దాని తర్వాత ఉంది. మిగిలిన జీవితంలో చాలా భాగాన్ని ఆమె తను వేసిన బొమ్మల అర్థం తనే తెలుసుకోవడానికి వెచ్చించారు. సుమారు 26,000 పేజీల నోట్‌బుక్కులు మిగిలాయి. అందులో గుర్తులకు అర్థాలు, రంగులకు అర్థాలు, ఒక చిత్రానికి ఇంకో చిత్రంతో ఉన్న సంబంధాలు ఉన్నాయి. తను చనిపోయాక ఇరవై ఏళ్ల వరకు ఎవరికీ చూపించొద్దని చెప్పారు. 1986లో లాస్ ఏంజెలిస్‌లో కొన్ని చిత్రాలు మొదటిసారి పెద్ద ప్రదర్శనలో కనిపించాయి. 2018–19లో న్యూయార్క్ గుగెన్‌హైమ్‌లో పెట్టిన ప్రదర్శనకు ఆరు లక్షల మందికి పైగా వచ్చారు. ఆత్మలు వేయించాయన్న మాటను నమ్మాలా వద్దా అన్నది నాకంత ముఖ్యం కాదు. 'ఇది నాది కాదు' అంటూ మొదలుపెట్టిన మనిషి, 'ఇందులో ఉన్నదేమిటి' అని జీవితాంతం వెతకడం ముఖ్యం. రెండు దారులూ ఒకే మనిషిలో నడిచాయి.

రవీంద్రనాథ్ టాగూర్‌ది ఇంకో రకం అనుభవం. కవితల రాతప్రతుల్లో కొట్టివేసిన పదాలు ఆయనకు చూడటానికి బాగుండేవి కావు. వాటిని గీతలతో కలుపుతూ పోయేవారు. కలిపిన గీతల్లోంచి ముక్కులు, రెక్కలు, పేరు లేని జంతువులు వచ్చేవి. అరవై దాటాక అదే పూర్తిస్థాయి చిత్రలేఖనమైంది. 1930లో పారిస్‌లో మొదటి ప్రదర్శన పెట్టారు. మొత్తం రెండు వేలకు పైగా చిత్రాలు వేశారు. పాటల్లో ఆయన ఎంత వెలుగు, ఎంత శాంతి! ఆ బొమ్మల్లో మాత్రం ముసురు పట్టిన ముఖాలు, దిగులు కళ్లు, వింత మృగాలు కనిపిస్తాయి. మాట మీద అంత పట్టున్న మనిషి మాటల్లోకి రానివ్వనిదేదో, పట్టులేని చోట బయటికి వచ్చింది. బొమ్మ ద్వారా తనను తాను తెలుసుకోవడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ ఉదాహరణే చూపిస్తాను. నైపుణ్యం ఎక్కువున్న చోట మనం ఏది చూపించాలో ఎంచుకోగలం. నైపుణ్యం తక్కువున్న చోట ఎంచుకోలేం.

మనోవిశ్లేషకురాలు మారియన్ మిల్నర్ ఇదే విషయాన్ని తన మీదే ప్రయోగం చేసుకుని చూశారు. బొమ్మలు నేర్చుకోని ఆమె ప్రశాంతమైన ప్రకృతి దృశ్యం వేద్దామని కూర్చుంటే కాగితం మీద తుఫాను వచ్చేది, మంటలు వచ్చేవి. తను అనుకున్న మనఃస్థితి వేరు, చేయి చెప్పింది వేరు. ఆ తేడానే పట్టుకుని 1950లో ఆమె ఒక పుస్తకం రాశారు.

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ కథ కాస్త పెద్దది. ఫ్రాయిడ్‌తో తెగిపోయాక, 1913 నుంచి ఆయనకు భయపెట్టే దృశ్యాలు కనిపించడం మొదలైంది. వాటిని రాసి, రంగులు వేసి, సుమారు 1930 వరకు ఎర్ర తోలు అట్ట పుస్తకంలోకి ఎక్కించారు. అది అచ్చయింది 2009లో. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో సైనిక విధుల్లో ఉండగా ప్రతి ఉదయం నోట్‌బుక్‌లో ఒక చిన్న వృత్తాకార చిత్రం గీసేవారు. ఒక రోజు వృత్తం కుదురుగా వచ్చేది, ఇంకో రోజు ఒక పక్క పగిలిపోయేది. అది ఆ రోజు తన మనసు ఉన్న తీరేనని ఆయన గమనించారు. గీసింది కళ కాదు, రోజువారీ రీడింగ్.

రెండూ కలిసే చోటు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. తంకా చిత్రకారుడు, టాగూర్, యుంగ్ ముగ్గురూ చేస్తున్నదాంట్లో సమానమైనదేమిటి?

ముగ్గురికీ కాగితం ఎదురు చెబుతుంది. ఆలోచన అలా చెప్పదు. కళ్లు మూసుకుని 'నేను ప్రశాంతంగా ఉన్నాను' అనుకుంటే, కాదనేవాళ్లెవరూ లేరు. గీత గీస్తే అది వణికిందో లేదో కనిపిస్తుంది. మనం అనుకున్నదానికీ అక్కడ ఉన్నదానికీ మధ్య తేడా కళ్లముందు పడుతుంది. ఆ తేడాను చూసి పారిపోకుండా కూర్చోవడమే సాధన అంటాను.

దీని వెనక ఉన్న పని తీరు ఆధ్యాత్మికం కాదు, మామూలు దృష్టి శాస్త్రం. మెదడు కంటికి కనిపించిన ప్రతిదాన్నీ పూర్తిగా లెక్కలోకి తీసుకోదు. గుర్తుపట్టగానే పని అయిపోయిందనుకుంటుంది. అందుకే మొదటిసారి ముఖం గీసేవాళ్లలో చాలామంది కళ్లను తల పైభాగంలో పెట్టేస్తారు. నిజానికి కళ్లు తల ఎత్తులో దాదాపు సగంలో ఉంటాయి. పుట్టినప్పటి నుంచి వేల ముఖాలు చూశాం, రోజూ అద్దంలో మన ముఖమూ చూస్తున్నాం, అయినా ఈ సంగతి తెలియదు. కారణం, నుదురు మనకు అంత ముఖ్యం కాదు, కళ్లు ముఖ్యం. ముఖ్యమైనది పెద్దదవుతుంది, కానిది కుంచించుకుపోతుంది. మనుషులను, మనల్ని మనం చూసేటప్పుడూ ఇదే జరుగుతుందని వేరే చెప్పాలా?

అమెరికన్ డ్రాయింగ్ టీచర్ కిమాన్ నికొలైడ్స్ విద్యార్థుల చేత ఒక అభ్యాసం చేయించేవారు. కాగితం వైపు చూడకుండా, ఎదురుగా ఉన్న వస్తువు అంచు వెంట కన్ను ఎంత మెల్లగా కదిలితే పెన్సిల్ అంత మెల్లగా కదలాలి. బొమ్మ చివరికి వంకరటింకరగా వస్తుంది. కానీ ఆ పది నిమిషాల్లో ఎవరి స్వభావం ఏమిటో వాళ్లకే తెలిసిపోతుంది. మధ్యలో కాగితం వైపు దొంగచూపు చూసేవాళ్లుంటారు. బాగా రావట్లేదని ముందే నవ్వేసేవాళ్లుంటారు, తొందరగా ముగించేవాళ్లుంటారు. ధ్యానంలో కూర్చున్నవాళ్లకు తమ మనసు ఎలా తప్పించుకుంటుందో తెలియడానికి చాలాకాలం పట్టవచ్చు. ఇక్కడ అది గ్రాఫైట్‌లో రాసి ఉంటుంది.

చూపు ఎంత దూరం వెళ్లగలదో ఫ్రెంచ్ చిత్రకారుడు పాల్ సెజాన్ దగ్గర చూడొచ్చు. ఆర్ట్ డీలర్ వొల్లార్ తన బొమ్మ వేయించుకోవడానికి 1899లో ఆయన ముందు 115 సార్లు కూర్చున్నానని రాశారు. చేతి మీద రెండు చిన్న చోట్లు రంగు లేకుండా వదిలేసి ఉంటే అడిగారట. సరైన రంగు దొరికాక వేస్తాను, తప్పు రంగు పడితే అక్కడి నుంచి మొత్తం చిత్రం మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుందన్నారు సెజాన్. చివరికి చిత్రం అసంపూర్తిగానే ఆగింది, చొక్కా ముందు భాగం పర్వాలేదన్నారు. దీన్ని మొండితనం అనొచ్చు. నాకు మాత్రం మాస్కో మహాసభ అడిగిన వినయం, ఏ సభా అడగకుండానే, ఇక్కడ కనిపిస్తుంది. పోలిక కోసం ఇంకో అంకె. 2001లో అచ్చయిన ఒక అధ్యయనం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో గొప్ప చిత్రాల ముందు సందర్శకులు ఎంతసేపు నిలబడుతున్నారో కొలిచింది. సగటున 27 సెకన్లు.

చూపు ముందు, బొమ్మ తర్వాత అనడానికి మన దేశపు చిత్రకారుడు ఎస్.హెచ్. రజా కూడా సాక్షి. నిలకడ లేని పిల్లవాడిగా ఉన్నప్పుడు స్కూల్లో మాస్టారు గోడ మీద ఒక చుక్క పెట్టి దాన్నే చూడమన్నారని ఆయన చెప్పుకునేవారు. ఆ చుక్క దశాబ్దాల తర్వాత ఆయన చిత్రాల్లో 'బిందువు'గా వచ్చి కూర్చుంది.

కుడి మెదడు సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. బొమ్మలు వేస్తే 'కుడి మెదడు మేల్కొంటుంది', అదే ఆధ్యాత్మిక అనుభవం అని చాలాచోట్ల చెబుతారు. 1979లో బెట్టీ ఎడ్వర్డ్స్ రాసిన డ్రాయింగ్ పుస్తకంతో ఈ మాట ఇంటింటికీ వెళ్లింది. బొమ్మను తలకిందులుగా పెట్టి గీయడం లాంటి ఆమె అభ్యాసాలు నిజంగా పనిచేస్తాయి, ఎందుకంటే గుర్తుపట్టే అలవాటును అవి ఆపుతాయి. కానీ మనుషుల్లో కుడి మెదడువాళ్లు, ఎడమ మెదడువాళ్లు అని రెండు రకాలున్నారన్న ప్రచారానికి ఆధారం లేదు. 2013లో యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు వెయ్యికి పైగా మెదడు స్కాన్లు చూసి అలాంటి విభజన దొరకలేదని తేల్చారు.

టెన్షన్ తగ్గుతుందా?

నాలుగో మాట మిగిలింది. దీనికి కొంత ఆధారం ఉంది, ఎక్కువ చేసి చెప్పుకునేంత లేదు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో 39 మంది పెద్దవాళ్ల చేత 45 నిమిషాలు బొమ్మలు, మట్టిపని లాంటివి చేయించి, ముందూ వెనకా లాలాజలంలో ఒత్తిడిని సూచించే హార్మోన్ కార్టిసాల్ కొలిచారు. సుమారు 75 శాతం మందిలో తగ్గింది. కళలో అనుభవం ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాలేదు. అయితే పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు. 45 నిమిషాలు ఊరికే కూర్చున్నా కొంత తగ్గేదేమో.

2005 నాటి ఇంకో ప్రయోగం నాకు ఎక్కువ నచ్చుతుంది. 84 మంది కాలేజీ విద్యార్థులకు ముందు ఆందోళన కలిగించి, కొందరికి మండల ఆకృతి (వృత్తంలో అమరిన డిజైన్), కొందరికి గళ్ల డిజైన్, కొందరికి ఖాళీ కాగితం ఇచ్చి రంగులు వేయమన్నారు. మండలకూ గళ్లకూ ఆందోళన దాదాపు ఒకేలా తగ్గింది. ఖాళీ కాగితానికి తగ్గలేదు. దీంతో రెండు విషయాలు అర్థమవుతాయి. మండలలో ప్రత్యేక మహిమ ఉందనడానికి ఈ ప్రయోగం సాక్ష్యం చెప్పదు. ఇక మనసు కలతగా ఉన్నప్పుడు 'నీ ఇష్టమొచ్చినట్టు వేసుకో' అనడం సాయం కాకపోవచ్చు, అప్పుడు చట్రమే ఆసరా. తంకా గురువులు గీతల చట్రంతో మొదలుపెట్టించడంలో ఎంత తెలివుందో ఇక్కడ తెలుస్తుంది.

సమయం తెలియకుండా పోవడం గురించి కూడా ఒక మాట. 1960లలో షికాగోలో ఆర్ట్ విద్యార్థులను గమనిస్తూ మనస్తత్వవేత్త మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ ఒక వింత చూశారు. వేస్తున్నంతసేపూ ఆకలి, నిద్ర మర్చిపోయేవాళ్లు, పూర్తికాగానే ఆ చిత్రం మీద ఆసక్తి పోగొట్టుకునేవారు. ఆయన తర్వాత 'ఫ్లో' అని పిలిచిన స్థితికి బీజం అక్కడే పడింది. కానీ ఫ్లోను ఆధ్యాత్మిక అనుభవంతో సమానం చేయలేం. వీడియో గేమ్‌లోనూ ఫ్లో వస్తుంది. సమయం మర్చిపోయాక తిరిగి వచ్చినప్పుడు మనం కొత్తగా ఏం చూశామన్నదే తేడా.

దారి తప్పే చోట్లు

అన్నిటికన్నా మాయలో పడేసేది అర్థాల పట్టిక. నలుపు వేస్తే దుఃఖం, ఎరుపు వేస్తే కోపం, మెలిక గీస్తే గందరగోళం అంటూ చదివేయడం. నలుపు వాడింది పక్కన ఆ రంగే ఉందని కావచ్చు. క్లింట్ తన గుర్తులను అర్థం చేసుకోవడానికి దశాబ్దాలు తీసుకుంటే, మనం ఒక చార్ట్ చూసి ఐదు నిమిషాల్లో ఆత్మజ్ఞానం పొందేస్తామా!

ఇంకొకటి మెచ్చుకోలు. దృశ్యాలు రాసుకుంటున్న రోజుల్లో యుంగ్‌కు లోపలి నుంచి ఒక స్త్రీ గొంతు 'ఇది కళ' అని చెప్పిందట. ఆయన గట్టిగా కాదన్నారు. కళ అని ఒప్పుకుంటే దాన్ని ఒక సినిమాలా చూసి ఊరుకుంటానని, అది తన నుంచి కోరే బాధ్యత పోతుందని ఆయన భయం. ఇప్పుడు ఆ గొంతు లోపలి నుంచి రానక్కర్లేదు, ఫోన్‌లోంచే వస్తుంది. ఎవరికో చూపించడానికని వేసిన మరుక్షణం ఏది చూపించాలో ఎంచుకోవడం మళ్లీ మొదలవుతుంది. చూపించడం తప్పని కాదు. వేస్తున్న సమయంలోనే చూపించడం గురించి ఆలోచిస్తే పని పాడవుతుంది.

బొమ్మలు మనిషిని తప్పకుండా కాపాడతాయన్న నమ్మకం కూడా ప్రమాదమే. హ్యూస్టన్‌లో అమెరికన్ చిత్రకారుడు మార్క్ రాత్కో చిత్రాలతో ఒక ప్రార్థనా మందిరం ఉంది. దాదాపు నలుపుకు దగ్గరగా ఉన్న 14 పెద్ద చిత్రాల మధ్య అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ వచ్చి మౌనంగా కూర్చుంటారు. అది 1971లో తెరుచుకుంది. రాత్కో అప్పటికి లేరు. 1970 ఫిబ్రవరిలో తన ప్రాణం తానే తీసుకున్నారు. అంతమందికి ఊరటనిచ్చిన పని చేసిన మనిషికి అది చాలలేదు. కళ ఉన్నతమైనది కాబట్టి వైద్యం అక్కర్లేదనేవారి మాట వినకూడదు. క్షయ చికిత్స కోసం శానటోరియంలో ఉండి, బొమ్మలు వేస్తూ కోలుకుని, 1942లో 'ఆర్ట్ థెరపీ' అన్న పేరు పెట్టిన బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ కూడా దాన్ని చికిత్సకు తోడుగానే చూశారు. తీవ్రమైన దిగులు, పాత గాయాలు, లేని గొంతులు వినిపించడం లాంటివి ఉన్నవాళ్లు శిక్షణ పొందిన థెరపిస్ట్ దగ్గరే ఈ పని మొదలుపెట్టడం మంచిది. ఖాళీ కాగితం వాళ్లకు అన్నిసార్లూ స్నేహితుడు కాదు.

మొదలుపెట్టాలనుకుంటే

ఏ దారి ఎంచుకోవాలన్నదానికి నా సలహా కాస్త తలకిందులుగా ఉంటుంది. ఉద్యోగంలో, ఇంట్లో రోజంతా నియమాల ప్రకారమే నడిచేవాళ్లు చట్రం లేని దారిలో వెళ్లాలి. మామూలు కాగితం, పెన్సిల్ తీసుకుని, రోజూ అదే సమయానికి ఒక చిన్న వృత్తమో చతురస్రమో గీసి దాని లోపల ఏది వస్తే అది రానివ్వాలి. వెనక తేదీ వేసి, నెల వరకు వెనక్కి తిరిగి చూడకూడదు. ఒక్కో బొమ్మ ఏమీ చెప్పదు, ముప్పై పక్కపక్కన పెడితే చెబుతాయి. ఎప్పుడూ తమ గురించి, తమ భావాల గురించే ఆలోచించేవాళ్లకు మాత్రం స్వేచ్ఛ ఇంకాస్త మేత వేస్తుంది. వాళ్లకు కొలతలున్న సంప్రదాయ చిత్రమో, లేదా ఒకే వస్తువును మళ్లీ మళ్లీ గీయడమో మేలు. ఇటలీలో చిత్రకారుడు జార్జియో మొరాండి అవే సీసాలను, అవే పాత్రలను దశాబ్దాల పాటు వేశారు. విసుగు పుడుతుంది. పుట్టాలి. ఆ విసుగు దాటాకే వస్తువు మొదటిసారి కనిపించడం మొదలవుతుంది.

గురువు కావాలా అని అడుగుతారు. తంకా, ఐకాన్ లాంటివి పుస్తకం చూసి నేర్చుకునేవి కావు. వాటి వెనక ఉన్న దీక్ష, ప్రార్థన లేకుండా కొలతలు మాత్రం తీసుకుంటే అలంకారమే మిగులుతుంది. చట్రం లేని దారికి గురువు అక్కర్లేదు కానీ, పక్కన కూర్చుని ఏమీ వ్యాఖ్యానించని ఒక తోడు ఉంటే మంచిది. అలాంటి మనిషి దొరకడం గురువు దొరకడం కన్నా కష్టం. ఇక రెండు దారులూ మొదటి నెలలోనే కలిపి నడవాలనుకోకండి. కొలత ప్రకారం గీస్తూ మధ్యలో 'నా భావం ఏమిటి' అని ఆగితే కొలత పోతుంది, స్వేచ్ఛగా గీస్తూ 'సరిగ్గా వచ్చిందా' అని ఆగితే గీత బిగుసుకుపోతుంది. ఒకటి కుదిరి, చేతికి అలవాటయ్యాక రెండోదానికి వెళ్లొచ్చు. అప్పటికి ఏది అవసరమో మీ దగ్గరున్న పాత కాగితాలే చూపిస్తాయి.